కుడికాలి కొక్కెం

నారాయణగూడ, ఫ్లైఓవర్ పక్కన రెండో అంతస్తు.
కిటికీ తెరిస్తే హారన్లు, మూస్తే ఉక్క.
అక్షరానికి నూట నలభై రూపాయల లెక్కన
ఈ వారం నాకు దొరికిన పని
నువ్వు.

చూడ్డానికి ఇంగ్లీషు హెచ్‌వే.
కుడికాలు ఒక్కటే గీత దాటి కిందికి దిగి
ఎడమకి మళ్ళింది,
నూతిలో జారిన చేదని వెతికే
పాతాళగరిగ కొక్కెంలా.

కాకసస్ కొండల్లో
గొంతు అడుగున పుట్టే ఒక హకారం కోసం
నిన్ను చేశారట. బళ్ళో పెట్టారట.
ఆ బడిపిల్లలకి మీసాలు రాకముందే
పైనుంచి కాగితం వచ్చింది, లిపి మారింది.
పలకలు తుడిచారు.
పని పంపినాయన రాసింది ఇంతే.
చివర ఇంకో వాక్యం:
"తోక ఎంత పొడుగుండాలో మీ ఇష్టం."

నా ఇష్టమా?
ఎవరిదో గొంతు లోతు
నా ఇష్టమా?

పాత వాచకంలో ఒక పేజీకి ఫొటో తీసి పంపారు.
మేక బొమ్మ. చెవి దగ్గర సిరా చెదిరింది.
మార్జిన్లో ఎవరో, పిల్లో పిల్లాడో,
పెన్సిల్‌తో నిన్ను ఏడుసార్లు దిద్దుకున్నారు.
మొదటి మూడింటికి తోకే లేదు.
నాలుగోదానికి కుడికి తిరిగింది.
తర్వాతి రెండూ కొట్టివేత.
ఏడోది కుదిరింది,
కుదిరిన సంబరంలో తోక
మేక కాలిదాకా పోయింది.

మధ్యాహ్నం బండి దగ్గర ఈదమ్మ
బజ్జీల మీద ఉల్లిపాయ చల్లుతూ
"చాలా, ఇంకో రెండెయ్యాల్నా?" అంది.
ఆ చ విన్నాను.
చీమలో చ కాదు, చెట్టులో చ కాదు,
పళ్ళ వెనక నాలిక ఒత్తి వదిలే చ.
వెనకటి అచ్చుపుస్తకాల్లో దాని నెత్తిన
ఒక చిన్న కొండిగుర్తు ఉండేది.
గుర్తు పోయింది.
ఆ సంగతి ఈదమ్మకి ఎవరూ చెప్పలేదు.
వేడివేడిగా పలుకుతూనే ఉంది.

సాయంత్రం ఛత్తాబజార్.
పెళ్ళికార్డుల గుట్టల మధ్య కుద్రతుల్లా సాబ్
నా ప్రింటు దీపం కిందికి జరిపి,
నేను గొంతు పట్టుకుని వివరిస్తుంటే నవ్వాడు.
"ఇది మా బడీ హే కదా అమ్మా,
ప్యాంటు తొడుక్కుని వచ్చింది."
రెల్లుకలం ముంచి ఊరి పేరు రాశాడు.
హైదరాబాద్.
మొదటి అక్షరం మీద గోరు పెట్టాడు.
"ఇదే. రోజూ రాస్తం. పలుకం.
పలికేటోడు మసీదుల ఖారీ సాబ్ ఒక్కడే.
మాకు రెండు హేలూ ఒకటే అయిపోయినయ్."

నాకు లెక్క చిక్కుపడింది.
ఇక్కడ గుర్తు లేదు, చప్పుడుంది.
అక్కడ గుర్తుంది, చప్పుడు లేదు.
నువ్వు లేని ఆ కొండల్లో మాత్రం
ఏ ముసలమ్మో ఇప్పటికీ నీతోనే
మేకల్ని అదిలిస్తూ ఉంటుందా?
ఏమో. మెయిల్లో అది లేదు.

నాంపల్లి స్టేషన్ ముందు ఆగాను.
పసుపుబోర్డు మీద ఊరి పేరు,
ఉర్దూ వరసలో కుడిచివర అదే అక్షరం.
నలభై ఏళ్ళుగా ఈ ఊరిదాన్ని,
ఊరి పేరు ఒక్కసారైనా సరిగ్గా పిలవాలనిపించింది.
గొంతు బిగించాను. ఇంకా కిందికి.
ఇంకా.
కళ్ళవెంట నీళ్ళొచ్చి, దగ్గు.
బత్తాయిరసం బండాయన గ్లాసు నీళ్ళు అందిస్తూ
"పొలమారిందా? ఎవరో తలుసుకుంటున్నరు" అన్నాడు.

కాదు, నేనే తలుచుకుంటున్నానని
ఆయనకెలా చెప్పను?
నీళ్ళు తాగి గ్లాసు ఇచ్చేశాను.

రాత్రి ఫైలు పంపాను.
బిల్లు: అక్షరాలు ఒకటి.
తోక పొడుగైందంటే తగ్గిస్తాను.
ఇప్పటికైతే
మేక కాలు తగిలేదాకా ఉంచాను.